ఇప్పటి ఫోక్ (జానపద), బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల పాటల శైలి) కళాకారులు పాత తరం అమెరికన్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్‌ను అంతగా ఎందుకు తలుస్తారు?

ముఖ్యంగా ఆయన కుడి చేతి కోసం. బొటనవేలు మంద్ర తీగల మీద, ఒకటి విడిచి ఒకటి, గడియారంలా తాళం వేస్తూనే ఉంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు పై తీగల మీద పాట వరసను పలికిస్తాయి, అదీ తాళానికి కాస్త ముందూ వెనకా జారుతూ. కళ్లు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపిస్తుంది. బ్యాండు పెట్టుకునే స్తోమత లేక ఒంటరిగా పాడుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? గొంతు కూడా అంతే, అరుపు లేదు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటుంది. మిసిసిపీ డెల్టా ప్రాంతపు బ్లూస్‌లోని కరకుదనం ఇందులో వెతికితే దొరకదు. అందుకే ఫోక్ వాళ్లూ ఆయన్ను తమవాడే అనుకుంటారు.

ఆయన కథ కూడా గుండెను పట్టేస్తుంది. 1928లో ఓకే (Okeh) అనే రికార్డుల కంపెనీకి పాటలు రికార్డు చేశాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు, ఆపైన ఆర్థిక మాంద్యం వచ్చింది. ఆయన అవలాన్ అనే పల్లెలో పొలం పనులకు వెళ్లిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ కూర్చిన పాత అమెరికన్ పాటల సంకలనంలో ఆయనవి రెండు చేరడంతో కొత్త తరం చెవిన పడ్డాయి. 1963లో టామ్ హాస్కిన్స్ అనే అభిమాని, పాటలో వినిపించిన ఊరి పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి ఆయన్ను కలిశాడు. అదే ఏడాది న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవంలో పాడాడు, 1966లో కన్నుమూశాడు.

గిటారు నేర్చుకునేవాళ్లు ముందు బొటనవేలి తాళం ఒక్కటే వారం రోజులు సాధన చేయండి. మిగతా వేళ్లు తర్వాత.