వైజాగ్ దగ్గర కోట చూసొచ్చే తేలికైన సైకిల్ దారి: భీమిలి, విజయనగరం, పద్మనాభం

కొత్తగా రోడ్డు సైకిల్ కొన్నానని, ఘాట్ ఎక్కే ఓపిక లేదని, పల్లెల మీదుగా వెళ్లి, దూరం నుంచే కనిపించే ఏదైనా కోట చూసి పూటలో తిరిగొచ్చే దారి చెప్పమని అడిగారు. నేను చెప్పేది ఒకటే. భీమిలిలో బయల్దేరి తగరపువలస మీదుగా విజయనగరం వెళ్లండి. కోట చుట్టూ తిరిగి, పద్మనాభం మీదుగా మళ్లీ భీమిలి వచ్చేయండి. నా ఫోన్ లెక్కలో 60 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ వచ్చింది. సైకిల్‌ని కారులో భీమిలి దాకా తీసుకెళ్లండి. ఆర్కే బీచ్ నుంచే మొదలెడితే బీచ్ రోడ్డు రానూ పోనూ మరో 60 అవుతుంది. రుషికొండ దగ్గరి ఎత్తుపల్లాలు దానికి అదనం.

ముందే ఒక మాట. కొండ మీద కోట, మైళ్ల దూరం నుంచే కనిపించే బురుజులు ఊహించుకుని వెళ్లకండి. విజయనగరం కోట ఊరి మధ్యలో, చదును నేల మీద ఉంటుంది. దగ్గరికి వెళ్లేదాకా జాడే తెలియదు. వెళ్లాక మాత్రం సుమారు 10 మీటర్ల ఎత్తు రాతి గోడ నెత్తిమీదికి వచ్చినట్టుంటుంది. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారట. రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం, పండగ విజయదశమి, పైగా వారం మంగళవారం, అంటే జయవారం. ఇన్ని విజయాలు కలిసొచ్చేలా ముహూర్తం పెట్టించుకున్నారన్నమాట. లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. కాబట్టి చూడాల్సింది బయటి నుంచే. సైకిల్ మీద ఉన్నవాడికి అదే లాభం: గోడ వెంబడి నెమ్మదిగా ఒక చుట్టు వేస్తే నాలుగు మూలల బురుజులూ కళ్లబడతాయి. తూర్పు ద్వారం నగారాఖానా (నగారాలు మోగించే చోటు) దగ్గర తప్పకుండా ఆగండి. తర్వాత పెద్ద చెరువు గట్టుకి వెళ్లి నీళ్లు తాగి, గంటస్తంభం దగ్గర టిఫిన్ చేయండి. ఆ స్తంభం 1885 నాటిది, ఎత్తు 68 అడుగులు. తెల్లారేసరికి ఇడ్లీ బండ్లు వేడిగా ఉంటాయి, రోడ్డు ఖాళీగా ఉంటుంది. తొమ్మిది దాటితే షేర్ ఆటోల మధ్య సైకిల్ తొక్కడం మన వల్ల కాదు. అలాగే దసరా తర్వాతి మంగళవారం ఊళ్లో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. ఆ రోజు, దాని ముందు రోజు సైకిల్ మాట మర్చిపోండి, దర్శనానికైతే బస్సులో వెళ్లండి.

ఇప్పుడు నా మొదటిసారి సంగతి. ఎనిమిదింటికి తీరిగ్గా బయల్దేరాను. వెళ్లేటప్పుడు ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు దూసుకుపోయాను, నాలో ఇంత సత్తా ఉందా అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో తెలిసింది, అది నా సత్తా కాదు, సముద్రపు గాలి! ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి సముద్రం వైపు నుంచి లోపలికి వీస్తుంది. మనం భీమిలికి వచ్చేది సరిగ్గా దానికి ఎదురు. రెండు సీసాల నీళ్లు అయిపోయాయి, తొడలు పట్టేశాయి, చివరికి ఒక చింతచెట్టు కింద అరగంట కూలబడ్డాను. అప్పటి నుంచి ఐదున్నరకల్లా భీమిలి వదిలేస్తున్నాను, పదింటికల్లా తిరిగొచ్చేస్తున్నాను. వెళ్లేటప్పుడు మెయిన్ రోడ్డు, వచ్చేటప్పుడు పద్మనాభం అన్నది కూడా అందుకే. బస్సులు, లారీలు పెరిగేలోపు పెద్ద రోడ్డు అయిపోతుంది. పల్లె దారిలో తాటిచెట్లు, మామిడి, జీడిమామిడి తోటలు గాలిని కాస్తయినా ఆపుతాయి.

నాకు అసలు నచ్చేది ఆ పల్లె దారే. పద్మనాభం కొండ దూరం నుంచే కనిపిస్తుంది. మీరు కోరుకున్న ఆ 'దూరం నుంచి కనిపించే దృశ్యం' ఇదే అనుకోండి. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, వెయ్యికి పైగా మెట్లు. సైకిల్ తొక్కిన కాళ్లతో ఎక్కొద్దు, ఇంకోరోజు ఇంట్లోవాళ్లతో రండి. పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల గొడవలో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చిన్న విజయరామరాజు ప్రాణాలు విడిచింది ఇక్కడే, 1794 జూలై 10న. పొద్దున కోట చూసి, ఆ కోట రాజు పడిపోయిన నేల మీదుగా ఇంటికి రావడం నాకెప్పుడూ అదోలా ఉంటుంది.

సంక్రాంతి తర్వాత ఈ దారిలో ఒక చిక్కుంది. ఉలవ కట్టెని రోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాలకి నలిగి గింజ రాలుతుందని. రైతుని ఏమీ అనలేం, అది వాళ్ల కళ్లం. ఒకసారి దాని మీదుగానే పోనిచ్చాను. తీగలు వెనక గేరులో చుట్టుకుని చక్రం బిగుసుకుపోయింది. ఆ రైతే కొడవలి తెచ్చి కోసి పెట్టాడు, నవ్వుతూనే. అలాంటి చోట దిగి, సైకిల్‌ని ఎత్తుకుని దాటండి. స్పేర్ ట్యూబు, పంపు వెంట ఉండాలి. మధ్యలో దొరికే పంక్చర్ షాపుల్లో మన సన్న టైర్ల ట్యూబులు నాకెప్పుడూ దొరకలేదు.

ఇక భయపడాల్సింది ఒక్కటే, తగరపువలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి దాటడం. లారీలు ఆగవు. నేనిప్పటికీ అక్కడ దిగి, నడిపించుకునే దాటతాను. బస్టాపులో కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.