వడ్లు కొని బియ్యం అమ్మే మిల్లు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ‘మన దేశం ఇంధనాన్ని దిగుమతి చేసుకుంటోంది’ అని మొదలుపెట్టావు. తప్పేం లేదు. కానీ ఏ ఇంధనం? ఏ ఏడాది? టన్నుల్లోనా, డబ్బుల్లోనా?

ఆ చివరి ప్రశ్న దగ్గర నేనే బోర్లాపడ్డాను. 2016లో ఒక పత్రికకు రాస్తూ, చమురు బిల్లు సగానికి పైగా పడిపోయింది కాబట్టి దిగుమతులు తగ్గించుకున్నామని రాసేశాను. వారం తిరక్కుండానే విశాఖ రేవులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “ఓడలేం తగ్గలేదే బాబూ!” లెక్కలు తీసి చూసుకుంటే సిగ్గేసింది. 2013-14లో సుమారు 18.9 కోట్ల టన్నుల ముడిచమురుకు 14,300 కోట్ల డాలర్లు కట్టాం. 2015-16లో కొన్నది 20 కోట్ల టన్నులు దాటింది, బిల్లు మాత్రం 6,400 కోట్ల డాలర్లే. తగ్గింది పీపా ధర, మన వాడకం కాదు. అప్పట్నుంచి కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో టన్నులు, ఇంకోదాంట్లో డబ్బు వేసుకున్నాకే కలం పట్టుకుంటాను.

అన్నిటినీ ఒకే గంపలో పోయకు. మనం ముడిచమురు కొంటాం, డీజిల్, పెట్రోలు, విమాన ఇంధనం అమ్ముతాం. సొంత పొలం పెద్దగా లేని రైస్‌మిల్లు వ్యవహారం ఇది. వడ్లు బయట కొని, ఆడించి, బియ్యం అమ్ముతాం. 1999లో గుజరాత్‌లో జామ్‌నగర్ రిఫైనరీ, అంటే ముడిచమురును శుద్ధి చేసే కర్మాగారం, వచ్చాక మిల్లు బాగా పెద్దదైంది. తమాషా ఏంటంటే, ఇంత మిల్లు పెట్టుకుని కూడా మన పొయ్యి మీదికి వంటగ్యాస్ సగానికి పైగా బయటినుంచే రావాలి. బొగ్గుదీ అదే తంతు. కాళ్ల కింద సింగరేణి ఉన్నా, విశాఖ ఉక్కు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు, అంటే ఇనుము కరిగించడానికి వాడే రకం, ఎక్కువగా ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి ఓడెక్కి వస్తుంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఆ కొలిమికి పనికిరాదు. కరెంటు మాత్రం 2016-17లో కొన్నదానికంటే కాస్త ఎక్కువే అమ్మాం. భూటాన్ దగ్గర కొని, బంగ్లాదేశ్, నేపాల్‌కు ఇచ్చాం.

మన వాడకంలో సొంత చమురు ఎంతో చూపించే నీ గ్రాఫు 1985 దగ్గర మొదలైంది. ఎందుకని అడిగితే ఏం చెప్తావు? 1974లో ముంబై దగ్గర సముద్రంలో బొంబాయి హై చమురు క్షేత్రం దొరికింది. 1985 నాటికి మన వాడకంలో ఎక్కువ భాగం ఇక్కడి చమురే. అక్కడ మొదలుపెడితే కథంతా పతనంలాగే కనిపిస్తుంది. నిజానికి 1985-86లోనూ సుమారు 3 కోట్ల టన్నులే తోడాం, 2023-24లోనూ దాదాపు అంతే. ఈలోగా వాడకం ఐదు రెట్లు దాటింది. బావులు ఎండిపోయాయని నువ్వు రాసిన పేరా కొట్టేయ్. వీధిలో బళ్లు పెరిగాయని రాయి.

కనీసం పదేళ్లు వెనక్కి జరిపి, గ్రాఫు మళ్లీ గీసి పంపు. ఆ రెండు గళ్ల కాగితం కూడా జత చెయ్యి, ముందు అదే చూస్తాను.

మీ అన్నయ్య