ముందు స్కానర్ సంగతి చూడు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

విండోస్ 11కి మారమని తెర మీద రోజూ అడుగుతోంది, మారిపోనా అన్నావు. ఫోన్లో చెబితే సగం విని సరేనంటావు, అందుకే రాస్తున్నాను.

అసలు నీ కంప్యూటర్‌కి ఆ యోగం ఉందో లేదో ముందు చూడు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ చాలని పైకి చెబుతారు. ఆ 4 జీబీతో ఎక్కుతుంది కానీ నీ ఓపిక సరిపోదు, కనీసం 8 ఉంటేనే దాని జోలికి వెళ్లు. అసలు పేచీ పెట్టేవి వేరే రెండున్నాయి. ఒకటి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, రెండోది ప్రాసెసర్ వయసు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిని చాలావరకు ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న యాప్ ఉంది, అది నడిపితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. టీపీఎం లేదని చెప్పినా వెంటనే నిరాశపడకు, కొన్నిట్లో అది ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది. అడ్డదారిలో ఎక్కించే వీడియోలు బోలెడు కనిపిస్తాయి. వాటి జోలికి పోకు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, మనం మారేదే వాటి కోసం కదా!

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మర్నాడు కూడా కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అయింది కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ లాంటిది వచ్చి ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బులడిగింది గుర్తుందా? అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. నువ్వు బ్యాంకు పనులన్నీ ఇందులోనే చేస్తావు కాబట్టి ఏళ్ల తరబడి నాన్చకు. కంగారూ పడకు. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వెసులుబాటు ఇచ్చారు.

ఇక నా అనుభవం విను. ఒకప్పుడు 32 బిట్ అనే పాత రకం విండోస్ నుంచి 64 బిట్ అనే కొత్త రకానికి మారాను, అదీ అర్ధరాత్రి కూర్చుని. తెల్లారి పది గంటలకల్లా కొన్ని కాగితాలు స్కాన్ చేసి పంపాలి. స్కానర్ లైటు పచ్చగా వెలుగుతోంది, కంప్యూటర్‌కి మాత్రం ఆ వస్తువు అక్కడున్నట్టే తెలియడం లేదు. వైరు పీకి పెట్టాను, మూత తీసి వేశాను, నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను. తర్వాత తెలిసింది, స్కానర్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామ్‌ని డ్రైవర్ అంటారు, 32 బిట్ డ్రైవర్ 64 బిట్‌లో పనిచేయదట, ఆ మోడల్‌కి కొత్త డ్రైవర్ రాయడం తయారీవాళ్లు మానేశారట. చివరికి ఫోన్‌తో ఫోటోలు తీసి పంపి తిట్లు తిన్నాను.

విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే సిస్టమ్ టైప్ అని ఉంటుంది, నీది ఏదో చూసుకో. నీ ప్రింటర్‌కి, స్కానర్‌కి, ఆ పాత లెక్కల సాఫ్ట్‌వేర్‌కి 11లో పనిచేసే రకాలున్నాయో లేదో తయారీవాళ్ల సైట్లో వెతుకు. అన్నీ ఉంటే మారిపో. స్కానర్ ఒక్కటే మొరాయిస్తే అది నీకు ఎంత అవసరమో నువ్వే తేల్చుకోవాలి.

మారేముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించు. ఎక్కించానని ఊరుకోక, వేరే కంప్యూటర్లో పెట్టి రెండు మూడు తెరిచి చూడు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. బయోస్‌లో చెయ్యి పెట్టాక అది అడగొచ్చు, అప్పుడు వెతికితే టెన్షన్ తప్ప ఏమీ దొరకదు. మర్నాడు ఏ పనీ లేని రోజు చూసుకుని మొదలుపెట్టు.

మారాక నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువుంటుంది. ఆ లోపు ప్రింట్ తీసి, స్కాన్ చేసి, వీడియో కాల్ మాట్లాడి అన్నీ సరిచూసుకో. జాగా కోసం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ మాత్రం తీసేయకు, వెనక్కి వెళ్లే దారి అదే.

ఒకవేళ నీ మెషిన్ పనికిరాదని తేలితే దాన్ని పారేయకు. విండోస్ బదులు వాడుకునే లైనక్స్ మింట్ అనేదాన్ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ముందు ఆ సిస్టమ్ టైప్ ఉన్న తెర ఫోటో తీసి పంపు. స్కానర్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, అది కూడా.

నీ పెద్దమ్మ