కదలికల జబ్బుల పరిశోధనలోకి వస్తే పేషెంట్లకు దూరమవుతామా?

న్యూరాలజీ పూర్తవుతోంది, పార్కిన్సన్స్, డిస్టోనియా (కండరాలు తమంతట తామే బిగుసుకుని మెలిపడడం) లాంటి కదలికల జబ్బుల మీద పరిశోధన చేయాలని ఉంది, కానీ ల్యాబ్‌లో పడి పేషెంట్లకు దూరమవుతానేమోనని భయం అని రాశారు. 18 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నా విషయంలో పేషెంట్ దగ్గర కూర్చోవడం నేర్పింది పరిశోధనే.

శిక్షణలో ఉన్నప్పుడు ఒక తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చేవారు. కాళ్లు మెలిపడి నడవలేకపోయేది. ఫైల్లో సెరిబ్రల్ పాల్సీ (పుట్టుకకు అటూ ఇటుగా మెదడు దెబ్బతిని వచ్చే కదలికల లోపం) అని ఉంది, నేనూ అదే రాశాను, రెండుసార్లు. "పొద్దున్నే బాగా నడుస్తుందండీ, సాయంత్రానికే ఇలా అవుతుంది" అని వాళ్లమ్మ వచ్చిన ప్రతిసారీ చెప్పేది. అలసటేలే అనుకున్నాను. మా ప్రొఫెసర్ ఆ మాట వినగానే మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనంగా మారే లెవోడోపా మందును చిన్న మోతాదులో మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పాప వరండాలో పరుగెత్తింది. అది డోపాకు, అంటే ఈ మందుకు, లొంగే డిస్టోనియా. జపాన్ డాక్టర్ సెగావా 1970ల్లోనే దీన్ని వర్ణించారు. చాలామందిలో దీనికి కారణమైన జన్యువు 1994లో దొరికింది. ఆ జన్యువు చెడితే డోపమైన్ తయారీ కుంటుపడుతుంది. నిద్ర తర్వాత కాస్త తేరుకుని, పొద్దు గడిచేకొద్దీ లక్షణాలు ముదురుతాయి. ఆ తల్లి చెబుతున్నది సరిగ్గా ఇదే. నేను విననందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ దారి పట్టింది ఆ రోజే.

ఈ రంగంలో పెద్ద మలుపులు కొన్ని క్లినిక్‌లోనే మొదలయ్యాయి. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు ఉన్నట్టుండి కొయ్యబారిపోయి ఆస్పత్రికి వచ్చారు. వాళ్లు తీసుకున్న కల్తీ మత్తుమందులో ఎంపీటీపీ అనే విషం ఉందని న్యూరాలజిస్ట్ లాంగ్‌స్టన్ బృందం తేల్చింది. డోపమైన్ కణాలను చంపే ఆ విషంతోనే తర్వాత ల్యాబ్‌లు పార్కిన్సన్స్‌ను అధ్యయనం చేశాయి.

కష్టం గురించి కూడా చెప్పాలి. పార్కిన్సన్స్ ముదరకుండా ఆపుతుందని రుజువైన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు. నేను పనిచేసిన ఒక ట్రయల్‌లో మూడేళ్ల తర్వాత మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా రాలేదు. ఆ ఫలితం పేషెంట్లకు నేనే ఒక్కొక్కరికీ చెప్పాను. అంత టెన్షన్ పడిన రోజులు తక్కువ. ఒక పెద్దాయన మాత్రం "ఇంకోటి మొదలుపెడితే చెప్పండి, వస్తాను" అన్నారు.

ఫెలోషిప్‌కి, అంటే ఈ జబ్బుల్లో ప్రత్యేక శిక్షణకి, ఒకటి రెండేళ్లు పడుతుంది. పేపర్ల సంఖ్య చూసి చోటు ఎంచుకోకండి. ఒకే పేషెంట్‌ను పదేళ్లు చూసే అలవాటున్న క్లినిక్ వెతకండి, ఎందుకంటే మొదట పార్కిన్సన్స్ అనిపించింది కొన్నేళ్లకు వేరే జబ్బుగా తేలుతుంటుంది. స్టాటిస్టిక్స్ ఇప్పుడే నేర్చుకోండి, తర్వాత తీరిక దొరకదు. అనుమతి తీసుకుని ప్రతి పేషెంట్ నడకనూ, వేళ్లు ఒకదానికొకటి తట్టడాన్నీ వీడియో తీయండి. నేను మొదటి ఏడాది తీసినవి ఇప్పటికీ తెరిచి చూస్తుంటాను, అప్పుడు నా కంటికి ఆననివి ఇప్పుడు కనిపిస్తుంటాయి.