కంప్యూటర్ కబుర్లు: ఫ్రీ అంటే ఎంత ఫ్రీ?

ప్రశ్న: మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఇన్నాళ్లూ ఎంఎస్ ఆఫీస్ క్రాక్ కాపీతోనే లాక్కొచ్చాం. పోయిన నెల వైరస్ వచ్చి ఫైళ్లన్నీ పోయాయి. దాని బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వేసుకుందామంటే అందులో తెలుగు సైజు మారదని, కస్టమర్ల వర్డ్ ఫైళ్లు చెదిరిపోతాయని అంటున్నారు. నిజమేనా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సగం నిజమేనండీ. ముందు ఆ క్రాక్ సంగతి. దాన్ని వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపెయ్యమంటాడు చూడండి, దొంగకి తలుపు మనమే తీసిపెట్టడం అంటే అదే. లిబ్రేఆఫీస్‌కి ఆ గొడవ లేదు, షాపులో వాడి డబ్బు సంపాదించుకున్నా పైసా కట్టక్కర్లేదు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిందిది. ఇప్పటికీ పాత అలవాటుకొద్దీ ఓపెన్‌ఆఫీస్ వేసుకోమని చెప్పేవాళ్లుంటారు, వినకండి.

తెలుగు సైజు విషయానికొస్తే, లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటి ప్రోగ్రాం పేరు రైటర్. దాని దృష్టిలో ఇంగ్లిష్ ఒక గుంపు. తెలుగు, హిందీ, అరబిక్ లాంటివి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే ఇంకో గుంపు, రెండింటికీ ఫాంటూ సైజూ విడివిడిగా రాసిపెట్టుకుంటుంది, అందుకని స్టైల్లో ఇంగ్లిష్ సైజు ఒక్కటే 14 చేసి ఊరుకుంటే తెలుగు ఉన్నచోటే ఉంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, భాషల దగ్గర ఈ గుంపుకి తెలుగు ఎంచుకోండి. తర్వాత స్టైల్లో తెలుగు ఫాంటు, సైజు పెట్టి డిఫాల్ట్ టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, షాపు పనికీ వాడుకోవచ్చు.

ఇక వర్డ్ ఫైళ్లు. బయోడేటాలు, అర్జీలు మామూలుగానే తెరుచుకుంటాయి. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు కిక్కిరిసినవి మాత్రం అటూఇటూ చెదురుతాయి, అబద్ధం చెప్పను. వట్టి ప్రింటే కావాలంటే పీడీఎఫ్ తెమ్మనండి. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి, ఆ పాపం లిబ్రేఆఫీస్‌ది కాదు.

ప్రశ్న: ఉద్యోగం అప్లికేషన్‌కి ఆధార్, మెమోలు కలిపి ఒకే పీడీఎఫ్ చేయాలి, అదీ 200 కేబీ లోపు. ఆన్‌లైన్ సైట్లలో చేస్తున్నాను, పర్లేదా? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఆధార్ తీసుకెళ్లి ఎవడిదో తెలియని సర్వర్‌కి ఎక్కించడం ఎందుకు తమ్ముడూ? ఉన్న పీడీఎఫ్‌లు కలపడానికి, విడగొట్టడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ చాలు, నెట్ తీసేసినా పనిచేస్తుంది. స్కానర్ అందుబాటులో ఉంటే న్యాప్స్2 అనే స్కానింగ్ ప్రోగ్రాం ఇంకా మంచిది. వరసగా స్కాన్ చేసి, పేజీలు అటూఇటూ జరుపుకుని, ఒకే ఫైలుగా దాచుకోవచ్చు. సైజు తగ్గించాలంటే స్కాన్ చేసేటప్పుడే 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క) బదులు 150 పెట్టి, రంగు తీసేసి గ్రేలో చెయ్యి. డీపీఐ సగమైతే చుక్కలు నాలుగో వంతుకి పడిపోతాయి, అక్కడే చాలావరకు తగ్గిపోతుంది. అప్‌లోడ్ చేసే ముందు రిజిస్టర్ నంబర్ చదవడానికి వస్తోందో లేదో ఒకసారి చూసుకో.

ప్రశ్న: నా లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కదంటున్నారు. పారెయ్యాల్సిందేనా? (సిద్దిపేట నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: అప్పుడే పారెయ్యకండి మాస్టారూ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయిన మాట నిజమే. మెయిల్, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడం మీ పనైతే విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్‌లో, తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయించుకోండి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, లాప్‌టాప్‌లో ఉన్నదేదీ కదపకుండా రెండు రోజులు నడిపి చూడొచ్చు. వైఫై, ప్రింటర్, పాటలు అప్పుడే చూసుకోండి. నచ్చితేనే లోపల వేయించండి, ఆ ముందు ఫొటోలు వేరేచోట దాచుకోండి.

ప్రశ్న: ఫైళ్లు కుదించి కట్టే విన్‌రార్‌కి ట్రయల్ 40 రోజులు అయిపోయాయి, కొనమని రోజూ అడుగుతోంది. (విశాఖ నుంచి ఒక ఆఫీసు ఉద్యోగి)

జవాబు: తీసేసి 7-జిప్ పెట్టుకోండి. రార్ ఫైళ్లు తెరుస్తుంది, కొత్తగా రార్ చేయడం మాత్రం రాదు, జిప్ చేసుకోవచ్చు. ఆఫీసులోనూ ఉచితమే. ఇది అన్నిటికీ వర్తించదు సుమా, ఫొటోలు చూసే ఇర్ఫాన్‌వ్యూ ఇంట్లో ఫ్రీ, ఆఫీసులో అయితే డబ్బు కట్టాలి. ఏదైనా దాని సొంత సైట్ నుంచే దించుకోండి. నేనొకసారి వీడియోలు చూసే వీఎల్‌సీ కోసం వెతికి, దాని సొంతదైన వీడియోలాన్ సైట్‌కి పోకుండా పైన కనిపించిన ఇంకేదో సైట్లో పెద్ద పచ్చ బటన్ నొక్కాను. వీఎల్‌సీ వచ్చింది, దాంతోపాటు ఎవరూ పిలవని టూల్‌బార్లు మూడొచ్చాయి, మా ఇంట్లోవాళ్లు వారం రోజులు "గూగుల్ ఎక్కడికి పోయింది?" అని అడుగుతూనే ఉన్నారు.