1894లో అమెరికా బేస్‌బాల్‌లో హ్యూ డఫీ .440 బ్యాటింగ్ సగటు నిజంగానే కొట్టాడా? ఆ ఏడాది అందరూ అంతలా ఎలా కొట్టారు?

నిజమే. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) లాంటివి తీసేస్తే 539 ఛాన్సుల్లో 237 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం), అంటే వెయ్యికి 440. పాత లెక్కల్లో .438 ఉండేది, తర్వాత సరిచూసి మార్చారు, కాబట్టి రెండూ కనిపిస్తే కంగారు పడకండి. ఈ రోజుల్లో .300 కొట్టినవాణ్ణే నెత్తిన పెట్టుకుంటాం, కానీ 1894లో, డఫీ ఆడిన నేషనల్ లీగ్ మొత్తం సగటే .309!

అసలు కారణం పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, నిలబడే చోటు. 1892 దాకా అతను గీతలు గీసిన పెట్టెలోంచి విసిరేవాడు, ముందు గీత హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ పక్కన నిలబడే పలక) 50 అడుగులు, వెనక గీత 55న్నర, వెనక కాలు ఆ వెనక గీత మీద పెట్టే మొదలుపెట్టాలి. 1893లో పెట్టె తీసేసి 60 అడుగుల 6 అంగుళాల దగ్గర రబ్బరు పలక వేశారు. చాలామంది పదడుగులు పెరిగిందంటారు గానీ నికరంగా జరిగింది అయిదడుగులే.

అయిదడుగులకే ఇంత తేడానా అంటారేమో. మేం న్యూజెర్సీలో ఉంటాం, మావాడు పిచ్చింగ్ చేస్తాడు, పిల్లల మ్యాచ్‌లకి స్కోరు రాసేది నేనే. 50 అడుగుల నుంచి విసిరే పిల్లల్ని వయసు పెరిగాక 60 అడుగుల ఆరంగుళాలకి మారుస్తారు. అక్కడ మొదటి సీజన్ చూడాలి మీరు. నిన్నటిదాకా ఎవరికీ అందని కర్వ్ బాల్ (వంపు తిరిగే బంతి) ప్లేట్ ముందే తిరిగిపోయి నేల మీద పడుతుంది, క్యాచర్ ఛాతీ మీద మట్టి లేస్తుంది, స్కోరు షీట్ నిండా వాక్‌లే. అవి తప్పించుకోవాలని కాస్త నెమ్మదిగా, నేరుగా వేస్తే బ్యాటర్‌కి చూసుకోడానికి బోలెడు టైం దొరికినట్టే. లీగ్ సగటు 1892లో .245, 1893లో .280, ఆపైన .309 అని చదివినప్పుడు నాకు ఆ పిల్లల మొహాలే గుర్తొచ్చాయి. పైగా అప్పట్లో, బంట్ (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించడం) తప్ప, ఫౌల్ కొడితే, అంటే బంతి గీతల బయటికి పోతే, స్ట్రైక్ (మూడైతే ఔట్) కింద లెక్క లేదు, నేషనల్ లీగ్‌లో ఆ రూల్ 1901లో గానీ రాలేదు. నచ్చని బంతుల్ని పక్కకి తోసేస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఫిలడెల్ఫియా సంగతి ఇంకా విచిత్రం. ఎడ్ డెలహంటీ, బిల్లీ హామిల్టన్, శామ్ థాంప్సన్, వాళ్లకి తోడు టక్ టర్నర్, నలుగురు ఔట్‌ఫీల్డర్లూ .400 దాటారు. హామిల్టన్ ఒక్కడే 190కి పైగా పరుగులు తీశాడు. అయినా టీం నాలుగో స్థానం! డఫీ ఆడిన బోస్టన్ 1200కి పైగా పరుగులు చేసి మూడోది, పెనంట్ (లీగ్ టైటిల్) బాల్టిమోర్‌కి పోయింది. నాకైతే ఆ ఏడాది అందరికంటే గొప్పగా అనిపించేది ఒక పిచ్చర్, న్యూయార్క్ ఏమస్ రూసీ. లీగ్‌లో పిచ్చర్ల సగటు ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చే పరుగులు, ఫీల్డర్ల తప్పులు తీసేసి; తక్కువుంటే మంచిది) అయిదు దాటిపోతే, అతనిది 2.78.

అలాగని డఫీని తక్కువ చేయకండి. 1892లో .301, 1893లో .363 కొట్టినవాడు, దూరం పెరగడం వల్ల అందరికీ కలిసొచ్చిన ఏడాదిలో కూడా అందరికంటే పైన నిలిచాడు, 18 హోమ్ రన్లతో అందులోనూ ముందున్నాడు. మనిషేమో అయిదడుగుల ఏడంగుళాలే.