టెక్ సందేహాలు: బ్లూటూత్ పెట్టాక పాటలో కళ తగ్గిందెందుకు?

ప్రశ్న: మా ఇంట్లో పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ సీడీలే వినేవాణ్ని. ఈమధ్య మా అబ్బాయి చిన్న బ్లూటూత్ రిసీవర్ తెచ్చి ఆంప్ వెనకాల తగిలించాడు. ఫోన్లో పాట పెడితే హాల్లో మోగుతోంది, సుఖంగానే ఉంది. కానీ సీడీలో ఉన్న కళ లేదు. వాడేమో ‘అంతా నీ భ్రమ నాన్నా’ అంటున్నాడు. వైర్‌లెస్ అంటే క్వాలిటీ తగ్గాల్సిందేనా?

జవాబు: మీరు విన్నది భ్రమ కాకపోవచ్చు. అలాగని నేరం బ్లూటూత్‌దేనని ఇప్పుడే తేల్చేయలేం. అనుమానితులు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల సంగతి చూద్దాం.

మొదటిది వాల్యూమ్. ఒకే పాటను కాస్త పెంచి వినిపిస్తే మన చెవి ‘సౌండు పెరిగింది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. ఇందుకు ఒక్క డెసిబెల్ తేడా చాలు. సీడీ ప్లేయర్ వెనక నుంచి వచ్చే సిగ్నల్ పూర్తి స్థాయిలో సాధారణంగా 2 వోల్టులు ఉంటుంది. చిన్న రిసీవర్లలో చాలావాటికి అంత సత్తువ ఉండదు. దానికితోడు ఫోన్ వాల్యూమ్ ఎక్కడో సగంలో ఆగి ఉంటుంది. ఆంప్ నాబ్ ముట్టుకోకుండా సీడీ నుంచి బ్లూటూత్‌కు మారితే పాట నీరసంగా వినిపించక ఏం చేస్తుంది? ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచేయండి. ఎంత సౌండు కావాలో ఆంప్ దగ్గరే సరిచేసుకోండి.

రెండోది పాటల యాప్. సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్ట్రీమింగ్ క్వాలిటీ చూడండి. ‘ఆటోమేటిక్’ అనో ‘డేటా సేవర్’ అనో ఉంటే, మీరు సీడీతో పోలుస్తున్నది బ్లూటూత్‌ను కాదు, బాగా నలిపేసిన ఫైలును. అక్కడే ‘నార్మలైజేషన్’ అని ఇంకో మీట ఉంటుంది. అన్ని పాటలూ ఒకే గట్టిదనంలో ఉండేలా చూడటం దాని పని. మామూలుగా మంచిదే, పోల్చి చూసేటప్పుడు మాత్రం ఆపేయండి. పాత పాటలైతే మరో చిక్కు. సీడీలో ఉన్నదీ యాప్‌లో ఉన్నదీ ఒకే మాస్టరింగ్ కాకపోవచ్చు. పాట అదే, గొంతు అదే, కానీ తర్వాతెప్పుడో ఎవరో కూర్చుని ట్రెబుల్, బేస్ మళ్లీ సర్ది ఉంటారు. అందుకే మీ సీడీనే కంప్యూటర్‌లో ఫ్లాక్ ఫైలుగా మార్చి, దాన్ని ఫోన్లో వేసుకుని పోల్చండి. ఫ్లాక్‌లో ఒక్క బిట్ కూడా పోదు.

ఇవన్నీ సరిచేశాక కూడా తేడా ఉందంటే, ఇక బ్లూటూత్‌ను నిలదీయొచ్చు.

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, కుడి ఎడమ రెండు చానెళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే సుమారు 1,411 కేబీపీఎస్. బ్లూటూత్‌లో స్టీరియో పాటలు పంపే పద్ధతిలో ప్రతి పరికరానికీ తప్పనిసరిగా ఉండాల్సిన కోడెక్ (పాటను కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) ఎస్‌బీసీ. మంచి సెట్టింగ్‌లో అది మోసేది 328 కేబీపీఎస్. నాలుగో వంతు కూడా లేదు. మిగిలిందంతా చెవికి పెద్దగా పట్టదన్న లెక్కతో వదిలేస్తుంది.

ఇందులో జనం గమనించని సంగతి ఒకటుంది. యాప్ నుంచి వచ్చే పాట సాధారణంగా అప్పటికే ఒకసారి కుదించినది. ఫోన్ దాన్ని విప్పి, బ్లూటూత్ కోసం మళ్లీ కుదిస్తుంది. జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీసినట్టన్నమాట. అక్షరాలు చదవగలం, అంచులే మసకబారతాయి. పాటలో ఆ అంచులు ఎక్కడ దొరుకుతాయంటే గజ్జెల్లో, తాళాల్లో, కచేరీ చివర చప్పట్లలో. చప్పట్లు విడివిడిగా టపటపమనకుండా వాన చప్పుడులా కలిసిపోతే అది కుదింపు పనే. ఒక గొంతు, ఒక వేణువు మాత్రమే ఉన్న పాటలో ఇంత కనిపెట్టడం కష్టం. నిజం చెప్పాలంటే, రోజువారీ వినికిడిలో మంచి ఎస్‌బీసీకీ సీడీకీ తేడా చాలామందికి చాలా పాటల్లో తెలియదు. నాకూ పాటను బట్టే తెలుస్తుంది.

ఎస్‌బీసీ కాక వేరేవీ ఉన్నాయి. ఐఫోన్లలో ఏఏసీ ఉంటుంది. ఆప్టెక్స్ 352 కేబీపీఎస్, ఆప్టెక్స్ హెచ్‌డీ 576. సోనీ తెచ్చిన ఎల్‌డ్యాక్ 330, 660, 990 అని మూడు మెట్లలో పనిచేస్తుంది. డబ్బా మీద 990 అని పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ, మధ్యలో గోడలుండి సిగ్నల్ తగ్గితే అది చప్పుడు లేకుండా కింది మెట్టుకు దిగుతుంది. ముఖ్యమైన విషయం, కోడెక్ అనేది తాళం, తాళంచెవి లాంటిది. ఫోన్లో ఉంటే చాలదు, రిసీవర్‌లోనూ అదే ఉండాలి. లేకపోతే రెండూ కలిసి ఎస్‌బీసీకే వచ్చి ఆగుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ‘బిల్డ్ నంబర్’ మీద ఏడుసార్లు నొక్కండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. పాట మోగుతుండగా అందులో ‘బ్లూటూత్ ఆడియో కోడెక్’ చూస్తే ఏది నడుస్తోందో తెలుస్తుంది. ఖరీదైన ఫోన్ పెట్టి ఎస్‌బీసీ వింటున్నామని అక్కడ తెలిసి ఉసూరుమనేవాళ్లు ఉన్నారు.

ఇక మీ అసలు ప్రశ్న. వైర్‌లెస్ అంటే క్వాలిటీ తగ్గాల్సిందేనా? అక్కర్లేదు. బ్లూటూత్ ఒక్కటే వైర్‌లెస్ కాదు. వైఫై గొట్టం చాలా వెడల్పు, 1,411 కేబీపీఎస్ దానికి ఒక లెక్కలోది కాదు. యాపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే సీడీ స్థాయి పాటను ఏమీ పోగొట్టకుండా మోయగలదు. ‘కనెక్ట్’ తరహా పద్ధతుల్లో అయితే పాట మీ ఫోన్ గుండా రాదు. ఆంప్‌కు తగిలించిన స్ట్రీమర్ నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగిలిపోతుంది. మధ్యలో ఫోన్ కాల్ వచ్చినా పాట ఆగదు.

గాలిలో వచ్చినంత మాత్రాన పాట పలచబడదు. డిజిటల్‌లో బిట్లు దారిలో దెబ్బతింటే మళ్లీ తెప్పించుకునే ఏర్పాటు వైఫైలో ఉంది, కొన్ని సెకన్ల పాట ముందే బఫర్‌లో నిల్వ ఉంటుంది. సిగ్నల్ మరీ బలహీనమైతే పాట తెగుతుంది, ఆగుతుంది. అంతేగానీ బేస్ తగ్గడం, గొంతు మొద్దుబారడం జరగదు. వైఫై స్ట్రీమర్ మీద లాస్‌లెస్ (ఏమీ పోగొట్టని) పాట వింటూ ‘వైరులో ఉన్న వెచ్చదనం లేదు’ అనే వాళ్లను నేను పెద్దగా నమ్మను. స్ట్రీమర్‌లోని డాక్ నాసిరకమైతే అది వేరే మాట. డాక్ అంటే బిట్లను మళ్లీ కరెంటు తరంగాలుగా మార్చే భాగం, తేడా వస్తే అక్కడ రావాలి.

‘వైర్‌లెస్ స్పీకర్’ అని కొనేవి మరో రకం. వాటిలో ఆంప్, డాక్ అన్నీ లోపలే ఉంటాయి. వాటిని మీ సెట్‌తో పోలిస్తే అది వైరుకూ గాలికీ పోటీ కాదు, ఒక స్పీకర్‌కూ ఇంకో స్పీకర్‌కూ పోటీ. అన్నట్టు, ఇంట్లో పెట్టుకునే వాటిలో చాలావాటికి ప్లగ్ ఉంటుంది. వైర్‌లెస్ అని మురిసిపోయి తెచ్చుకున్నాక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కోసం ఇల్లంతా వెతకడం మామూలే.

వైరు మాత్రం పతివ్రత అనుకోకండి. లాప్‌టాప్‌ను ఆంప్‌కు తగిలించి చార్జర్ పెట్టగానే గుయ్‌మనే మోత వినే ఉంటారు. రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్త్ అయినప్పుడు వచ్చే రోగం అది, వైరు లేకపోతే రాదు. నా కథ ఇంకా నామోషీ. ఒకసారి ఇల్లు సర్దాక పాటల్లో బేస్ మాయమైంది. గొంతు మధ్యలోంచి రాకుండా గదంతా ఊగిసలాడేది. కొత్తగా పెట్టిన బ్లూటూత్ రిసీవర్‌ను మూడు నెలలు తిట్టుకున్నాను. చివరికి ఒకరోజు ఆంప్‌ను అరలోంచి ముందుకు లాగి, ఫోన్ టార్చి వేసి చూస్తే, దుమ్ము కింద ఎడమ స్పీకర్ ఎర్ర తీగ నల్ల టెర్మినల్‌లో కూర్చుని ఉంది. ఒక స్పీకర్ ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది, బేస్ మధ్యలో కొట్టుకుపోతోంది. తీగలు మార్చడానికి అర నిమిషం పట్టింది. మీరూ ఓసారి వెనక్కి తొంగి చూడండి, మీ అబ్బాయి రిసీవర్ పెట్టేటప్పుడు ఏదైనా కదిలి ఉండొచ్చు.

పందెం తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ఆ ఫ్లాక్ ఫైలు ఫోన్లో, అసలు సీడీ ప్లేయర్‌లో, రెండూ ఒకే పాట. కూర్చునే చోట సౌండ్ మీటర్ యాప్ పెట్టి రెండింటి గట్టిదనం సమానం చేసి, ఆంప్ నాబ్ ఏ పాటకు ఎక్కడుండాలో గుర్తు పెట్టుకోండి. మీరు ఆంప్‌కు వీపు పెట్టి కూర్చోండి. మీ అబ్బాయి నాణెం ఎగరేసి బొమ్మ పడితే సీడీ, బొరుసు పడితే బ్లూటూత్ పెడతాడు, చెప్పడు. పదిసార్లు. మీరు ఐదారు సరిగ్గా చెప్తే అది గుడ్డి లెక్కే. తొమ్మిది చెప్తే మీ చెవికి దండం, వాడు ఓడినట్టే. అప్పుడు ఆ రిసీవర్ తీసి వైఫై స్ట్రీమర్ పెట్టించుకోండి.

ప్రశ్న: టీవీ సౌండును బ్లూటూత్‌లో మ్యూజిక్ సిస్టమ్‌కు పంపుతున్నాను. పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. సెట్టింగ్ ఏమైనా ఉందా?

జవాబు: కుదించడం, పంపడం, విప్పడం, వీటన్నిటికీ సమయం పడుతుంది. ఎస్‌బీసీలో 0.2 సెకను ఆలస్యం మామూలే. పాటకు ఫర్వాలేదు, మాటకు ఇబ్బంది. కొన్ని టీవీల్లో ‘ఆడియో డిలే’ లేదా ‘లిప్ సింక్’ అని ఉంటుంది గానీ, వాటిలో చాలావరకు సౌండును ఇంకా వెనక్కి నెట్టేవే, ముందుకు తెచ్చేవి కావు. టీవీకి మాత్రం వైరే వాడండి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండును బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) రెండు వైపులా ఉంటే అది, లేకపోతే ఆప్టికల్. ఆప్టికల్‌లో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు. కాబట్టి పైన చెప్పిన గుయ్‌మనే మోత ఆ దారిన రాదు. మీ సిస్టమ్ పాతదై ఆప్టికల్ రంధ్రం లేకపోతే మధ్యలో చిన్న డాక్ పెట్టె పెట్టి, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను ‘పీసీఎం’ (కుదించని మామూలు డిజిటల్ సౌండు)కు మార్చండి. అది మార్చకపోతే కొన్ని చానెళ్లలో సౌండే రాదు, అప్పుడు డాక్ పాడైందని టెన్షన్ పడతారు.

ప్రశ్న: స్పీకర్లకు ఖరీదైన ప్రత్యేక కేబుల్ వేస్తేనే అసలు క్వాలిటీ బయటికొస్తుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: లావు చూడండి, ధర కాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.007 ఓమ్ నిరోధం ఉంటుంది. స్పీకర్ ఐదు మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ పది మీటర్లు, అంటే 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక్క శాతం కూడా కాదు. పక్కా రాగి అయితే మామూలు తీగ చాలు. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి తక్కువకు దొరుకుతాయి, అవి వద్దు. బిగించేటప్పుడు ఆంప్ ఆపేయండి, తీగ చివర పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా ఆంప్ కాలిపోవచ్చు.